జాతుల పేర్లు ఎప్పుడు, ఎలా తిట్లవుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనువాదాలు చేస్తాను. రోజంతా మాటలతోనే పని. ఒక జాతినో తెగనో సూచించే మాట వచ్చిన ప్రతిసారీ చేయి ఆగుతుంది. ఇది ఇప్పుడు రాయొచ్చా? రాస్తే ఎవరికైనా గుచ్చుకుంటుందా? తోటి అనువాదకులు, టీచర్లు, స్నేహితులు నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. వాటికి నాకు దొరికిన జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. విషయం అర్థం కావాలంటే పాత మాటలు కొన్ని రాయక తప్పదు. ఇప్పటికీ మనిషిని కుంగదీసే ఒకటి రెండు మాటల్ని మాత్రం పూర్తిగా రాయలేదు.

ఒక జాతి పేరు తిట్టుగా ఎలా మారుతుంది?

ఒక్కరోజులో మారదు. ఆ పేరు పక్కన ఏ మాటలు తిరుగుతున్నాయో గమనించండి. ఒక పేరు వచ్చినప్పుడల్లా దాని వెంట "దొంగ", "సోమరి", "మురికి", "తెలివిలేని" లాంటివి వినబడుతూ ఉంటే, కొన్నేళ్ళకు ఆ రెండో మాట అనాల్సిన అవసరమే ఉండదు. పేరొక్కటి పలికితే చాలు, మిగతాదంతా వినేవాళ్ళ మనసులోకి దానంతటదే వచ్చేస్తుంది. అప్పటికి ఆ పేరు తిట్టయిపోయినట్టే.

నోటి మాట ఒక్కటే ఈ పని చేయదు. ప్రభుత్వ కాగితం కూడా చేస్తుంది. కెనడాలో 1941 నుంచి అక్కడి ఉత్తరాది ఇనూయిట్ ప్రజలకు (బయటివాళ్ళు ఎస్కిమోలన్నది వీళ్ళనే) ప్రభుత్వం చిన్న చిన్న బిళ్ళలు పంచింది. నాణెమంత బిళ్ళ, మెడలో కట్టుకోవడానికి పైన ఒక చిల్లు. ఒకవైపు కిరీటం బొమ్మ, దాని చుట్టూ "ఎస్కిమో ఐడెంటిఫికేషన్ కెనడా" అనే అక్షరాలు. రెండోవైపు నంబరు. తూర్పు ప్రాంతం వాళ్ళకు 'ఈ' అక్షరంతో, పడమటి వాళ్ళకు 'డబ్ల్యూ'తో ఆ నంబరు మొదలయ్యేది. వాళ్ళకు ఇంటిపేర్లు లేవు, వాళ్ళ పేర్లు అధికారులకు నోరు తిరగలేదు, అందుకని మనిషికి ఒక నంబరు ఇచ్చేశారు. ప్రభుత్వ రికార్డుల్లో మనిషంటే ఆ నంబరే. 1968లో అబ్రహాం ఓక్పిక్ అనే ఇనూయిట్ నాయకుడు ఊరూరా తిరిగి కుటుంబాల దగ్గర ఇంటిపేర్లు రాసుకోవడం మొదలుపెట్టాక, 1970లలో ఆ బిళ్ళల పద్ధతి పోయింది.

ఇప్పుడు ఆలోచించండి. చిన్నప్పుడు ఆ బిళ్ళ మెడలో వేసుకుని పెరిగిన మనిషి ముందు మనం "ఎస్కిమో" అన్నాం. మనకు గుర్తొచ్చేది మంచు ఇల్లు, బొమ్మల పుస్తకం. ఆయనకు గుర్తొచ్చేది ఆ బిళ్ళ. పలికింది ఒకటే మాట.

మన దేశంలో చట్టమే నేరుగా ఈ పని చేసింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని సంచార తెగలను మొత్తంగా పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. అలా నోటిఫై అయిన తెగవాళ్ళు పోలీసుల దగ్గర పేర్లు రాయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం రద్దయింది, వాళ్ళు విముక్త జాతులయ్యారు. కానీ 80 ఏళ్ళపాటు ఒక తెగ పేరునీ దొంగ అనే మాటనీ ఒకే వరసలో రాసిన రికార్డుల ప్రభావం చట్టంతో పాటు పోలేదు.

అసలు అర్థంలో తప్పేమీ లేదు కదా? నిఘంటువులో మామూలుగానే ఉంది కదా?

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. "కంపు" అనే మాట తీసుకోండి. పాత కావ్యాల్లో కంపు అంటే వాసన, సువాసనకూ వాడారు. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్ళి "మీ ఇల్లు కంపు కొడుతోంది" అని, "ప్రాచీన అర్థంలో అన్నాను" అంటే ఒప్పుకుంటారా? "ఛాందసుడు" అంటే వేదం తెలిసినవాడు. ఇవాళ ఒకర్ని ఛాందసుడు అంటే పొగిడామని ఎవరూ అనుకోరు. మన వ్యాకరణ పుస్తకాలు దీన్ని అర్థగ్రామ్యత అంటాయి. మామూలు మాటలకు జరిగేదే జాతుల పేర్లకూ జరుగుతుంది. కాకపోతే ఇక్కడ దెబ్బ తగిలేది మనుషులకు.

అమెరికాలో "స్క్వా" అనే మాట ఉండేది. అల్గాంక్వియన్ భాషల్లో దాని మూలానికి అర్థం "స్త్రీ" మాత్రమే. కానీ వలస వచ్చిన తెల్లవాళ్ళు దాన్ని మూలవాసి స్త్రీలను చులకనగా, చాలాసార్లు బూతుగా పిలవడానికి వాడారు. కొండలకూ వాగులకూ కూడా అదే మాటతో పేర్లు పెట్టారు. 2021లో అమెరికా ఇంటీరియర్ శాఖ మంత్రిగా ఉన్న డెబ్ హాలండ్ ఈ మాటను తిట్టుగా ప్రకటించారు. ఆమె స్వయంగా లగునా ప్వెబ్లో తెగకు చెందిన మహిళ. 2022లో దాదాపు 650 చోట్ల పేర్లు మార్చారు. "స్త్రీ అనే కదా అర్థం" అన్న వాదన అక్కడా గట్టిగానే వినిపించింది. ఆ మాట పడుతూ పెరిగిన స్త్రీలకు దాని వ్యుత్పత్తితో పనేముంది?

ఇంకో విషయం కూడా చెప్పాలి. మూలార్థం చెడ్డది కాబట్టే మాట చెడ్డదయిందని నమ్మడం కూడా పొరపాటే. ఎస్కిమో అంటే "పచ్చిమాంసం తినేవాళ్ళు" అని చాలాచోట్ల చదువుతాం. మంచు మీద నడిచేందుకు వాడే జాలీ చెప్పులు అల్లేవాళ్ళు అన్న అర్థం నుంచి వచ్చిందని భాషాశాస్త్రవేత్తలు ఎక్కువగా ఒప్పుకుంటున్నారు. రెండో అర్థమే నిజమైనా ఆ బిళ్ళ మీద అక్షరాలు మారవు.

ఈ పేర్లు మొదట ఎవరు పెట్టారు?

ఎక్కువగా పక్కవాళ్ళు, తర్వాత పాలకులు. ఎదుటివాళ్ళ భాష అర్థంకాకపోతే వాళ్ళకు అసలు మాటలే రావనుకోవడం మనుషులకు పాత అలవాటు. గ్రీకులకు పరాయి భాష "బర్ బర్" అని వినిపించింది, అందులోంచి బార్బేరియన్ పుట్టింది. సంస్కృతంలో మ్లేచ్ఛ శబ్దానికి కూడా అస్పష్టంగా మాట్లాడటం అనే అర్థమే మూలం. దక్షిణాఫ్రికాలో ఖోయ్‌ఖోయ్ ప్రజలను డచ్చివాళ్ళు హాటెన్‌టాట్ అన్నారు. వాళ్ళ భాషలో నాలుకతో టక్కుమని పలికే ధ్వనులుంటాయి. వాటిని వెక్కిరించడంలోంచే ఆ పేరు వచ్చిందనేది బాగా చెలామణిలో ఉన్న వివరణ.

కొన్ని పేర్లు ఉత్త పొరపాట్లు. రోమా ప్రజలు ఈజిప్టు నుంచి వచ్చారనుకుని జిప్సీ అన్నారు. నిజానికి వాళ్ళ భాష మూలాలు భారతదేశంలో ఉన్నాయి. కొలంబస్ పొరపాటు సరేసరి.

ఇటు చూస్తే ఆ జనం తమను తాము పిలుచుకునే పేర్లు ఎంత మామూలుగా, ఎంత నిండుగా ఉంటాయో చూడండి. ఇనూయిట్ అంటే మనుషులు. జపాన్‌లోని మూలవాసుల పేరు ఐను, అంటే మనిషి. ఖోయ్‌ఖోయ్ అన్నా మనుషులనే అర్థం వస్తుంది. బెర్బర్ అని లోకం పిలిచే ఉత్తరాఫ్రికా ప్రజలు తమను అమజిగ్ అనుకుంటారు, స్వేచ్ఛగల మనిషి అనే అర్థం చెబుతారు.

అంటే బయటివాళ్ళు పెట్టిన పేర్లన్నీ తప్పేనా?

కాదు. రష్యన్ భాషలో జర్మన్లను "నెమెత్స్" అంటారు. దాని మూలం మూగవాడు అనే అర్థమిచ్చే మాట. ఇంకా చాలా స్లావిక్ భాషల్లోనూ అంతే. జర్మన్లు దానికేమీ బాధపడరు. ఆ పేరు పలుకుతూ తరతరాలపాటు వాళ్ళను తక్కువ జాతిగా చూసి ఏలిన వలస పాలన లేదు. ఖోయ్‌ఖోయ్ ప్రజలకు అదే జరిగింది. వెక్కిరింపులోంచే పుట్టిన రెండు పేర్లలో ఒకటి ఇవాళ మామూలు మాటగా, ఇంకొకటి తిట్టుగా నిలవడానికి ఇదే కారణమని నేను నమ్ముతాను.

"నీగ్రో" ఒకప్పుడు గౌరవమైన మాటే కదా? మార్టిన్ లూథర్ కింగ్ కూడా వాడారు కదా?

వాడారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో పదే పదే వాడారు. ఆ రోజుల్లో అదే మర్యాద మాట. అక్కడి నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ ఆ మాటలో మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాయాలని ఏళ్ళ తరబడి పత్రికలతో పోరాడారు. ఇంగ్లిష్‌లో మిగతా జాతుల పేర్లన్నీ పెద్దక్షరంతో మొదలవుతుంటే వీళ్ళ పేరొక్కటే చిన్నక్షరంతో ఉండేది. 1930లో న్యూయార్క్ టైమ్స్ ఒప్పుకుంది. ఒక్క అక్షరానికి అంత పోరాటమా అనిపిస్తుంది మనకు, మన లిపిలో ఆ తేడా లేదు కాబట్టి. మనం "వాడు" అనాల్సినచోట "వారు" అనడంతో పోల్చుకుంటే ఆ అక్షరం విలువ తెలుస్తుంది.

మరి ఆ మాట ఎందుకు పోయింది? 1960లలో యువతరం అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఈ పేరు మాకెవరు పెట్టారు? బానిసల్ని అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు వాడిన మాట అది. దాన్ని వదిలేసి "బ్లాక్" అనే మాట ఎత్తుకున్నారు. విశేషమేమిటంటే అంతకు ముందు తరానికి బ్లాక్ అనడమే మోటు. అంటే ఒక్క తరంలో రెండు మాటలూ స్థానాలు మార్చుకున్నాయి. 1988లో జెస్సీ జాక్సన్ లాంటి నాయకులు "ఆఫ్రికన్ అమెరికన్" అనే పేరును ముందుకు తెచ్చారు. 2010 జనాభా లెక్కల ఫారంలో కూడా నీగ్రో అనే మాట ఉంది, కొందరు పెద్దవాళ్ళు ఇంకా అలాగే రాసుకుంటారని. 2013లో దాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించారు.

ఒక సంస్థ పేరులో మాత్రం ఇంకా పాత మాట ఉంది. నల్లజాతివారి హక్కుల కోసం 1909లో అమెరికాలో పుట్టిన ఎన్‌ఏఏసీపీలో "సి" అంటే కలర్డ్. చరిత్రగా ఆ పేరు అలాగే ఉంచుకున్నారు. సంస్థ పేరులో ఉంది కదా అని ఆ మాటతో మనిషిని పిలవకూడదు.

ఇక్కడ ఒక మాట మనవైపు నుంచి. ఇంగ్లిష్ వదిలేసిన మాటల్ని తెలుగు ఇంకా మోస్తోంది. నీగ్రో, రెడ్ ఇండియన్, ఎస్కిమో. ఇవి మనకు పాఠ్యపుస్తకాల్లో, పిల్లల కథల్లో వచ్చాయి. మనకు వాటితో పాత పగ ఏదీ లేదు కాబట్టి నిర్దోషంగా వినిపిస్తాయి. కానీ ఆ జనం ఇప్పుడు ఎక్కడో లేరు, మన క్లాసులో, ఆఫీసులో, వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. నల్లజాతీయులు, అమెరికా మూలవాసులు, ఇనూయిట్ అని రాయడం కష్టమేమీ కాదు.

పేరు మార్చినంత మాత్రాన ఏం ఒరుగుతుంది? కొత్త పేరూ కొన్నాళ్ళకు తిట్టవుతుంది కదా?

నిజమే, అవుతుంది. స్టీవెన్ పింకర్ అనే భాషాశాస్త్రవేత్త 1994లో దీన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చారు. మనసులో చిన్నచూపు అలాగే ఉంటే ఎన్ని సభ్యోక్తులు తెచ్చినా ఒకదాని తర్వాత ఒకటి మాసిపోతాయి. అంతకు చాలా ముందే, 1928లో, "మనల్ని నీగ్రోలని ఎందుకంటారు" అని ఒక హైస్కూలు కుర్రాడు రాసిన ఉత్తరానికి డుబోయిస్ దాదాపు ఇదే జవాబిచ్చారు: పేరు మారితే ద్వేషం పోతుందనుకోవద్దని.

దీనికి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే బాధ కలిగించే ఉదాహరణ జపాన్‌లోని ఐను ప్రజలది. వాళ్ళ పేరు ఎవరో పెట్టింది కాదు, వాళ్ళ సొంత భాషలో మనిషి అని అర్థం. 1899లో జపాన్ ప్రభుత్వం చేసిన చట్టం వాళ్ళను "మాజీ ఆదిమవాసులు" అంది. భాష పోయింది, వేట పోయింది, భూమి పోయింది. బళ్ళలో పిల్లలు ఐను పిల్లల్ని చూసి "ఆ, ఇను" అని ఏడిపించేవాళ్ళు. జపనీస్‌లో ఇను అంటే కుక్క. "అదుగో, కుక్క" అని వెక్కిరింపు. చివరికి ఆ పేరు చెప్పుకోవడమే అవమానమయింది. 1946లో ఐను సంఘంగా పెట్టుకున్న తమ సంస్థకు 1961లో వాళ్ళే పేరు మార్చుకున్నారు, "ఉతారి" సంఘమని. ఉతారి అంటే తోటివాళ్ళు. ఆ తర్వాత పోరాటాలు సాగాయి. 1997లో పాత చట్టం రద్దయింది. 2008లో జపాన్ పార్లమెంటు వాళ్ళను మూలవాసులుగా గుర్తించాలని తీర్మానించింది. 2009లో ఆ సంఘం మళ్ళీ తన పాత పేరు పెట్టుకుంది: ఐను సంఘం.

మాట అదే, అర్థం అదే. 1961లో దాన్ని దాచుకోవాల్సి వచ్చింది, 2009లో బోర్డు మీద రాసుకున్నారు. ఆ మధ్య 48 ఏళ్ళలో మారింది పరిస్థితి. కాబట్టి పేరు మార్పు ఒక్కటే చాలదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పేరుతో పనే లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. ఒక జనం మేమెవరమో మేమే చెప్పుకుంటామని నిలబడటం ఆ పరిస్థితి మార్చే పనిలో భాగమే.

మన దగ్గర ఇలా పేరు మార్చుకున్న చరిత్ర ఉందా?

ఉంది, గొప్ప చరిత్ర ఉంది. కులం, జాతి ఒకటి కాకపోయినా పేర్ల విషయంలో కథ ఒకటే. 1917లో బెజవాడలో ఒక మహాసభ జరిగింది. దానికి పెట్టిన పేరు పంచమ మహాసభ. అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పంచమ అనే మాటనే తప్పుపట్టారు. మేము ఈ నేలకు మొదటివాళ్ళం కాబట్టి ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరు అక్కడికక్కడే మారింది. వర్ణాల లెక్కలో ఐదో వరసలోకి నెట్టిన పేరుతో సభకు వచ్చినవాళ్ళు "ఆది" అనే పేరుతో ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను ఒప్పుకుంది.

"హరిజన" కథ వేరు. 1930లలో గాంధీ మంచి మనసుతోనే ఆ పేరును ప్రచారంలోకి తెచ్చారు. కానీ అది జాలితో పెట్టిన పేరు, అడిగి పెట్టిన పేరు కాదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట వాడినందుకు అంబేడ్కర్, ఆయన పార్టీవాళ్ళు సభ నుంచి వాకౌట్ చేశారు. 1972లో దళిత్ పాంథర్స్ అనే ఉద్యమం వచ్చాక "దళిత" అనే మాట దేశమంతా పాకింది. దళిత అంటే అణగదొక్కబడిన అని అర్థం. నిఘంటువు చూసి చెప్పమంటే దేవుడి బిడ్డ అనే మాటే గౌరవంగా ఉందంటాం. అణగదొక్కినవాడు ఒకడున్నాడని చెప్పే మాటను ఆ ప్రజలు ఎంచుకున్నారు. మర్యాదగా కనిపించే మాట కంటే నిజం చెప్పే మాట వాళ్ళకు నచ్చింది.

వాళ్ళలో వాళ్ళు ఆ మాట అనుకుంటే తప్పు లేదు, నేనంటే తప్పా?

చిన్ననాటి స్నేహితుడు "ఒరేయ్" అని పిలిస్తే ప్రాణం లేచి వస్తుంది. బ్యాంకులో క్లర్కు అదే పిలుపు పిలిస్తే? పిలుపులో మార్పు లేదు, పిలిచేవాళ్ళకూ మనకూ ఉన్న సంబంధంలో ఉంది. తెలుగువాళ్ళకు ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

తమ మీద విసిరిన మాటను తామే పట్టుకుని జెండాలా ఎగరేయడం కూడా ఉంది. 1922 మార్చి 3న జపాన్‌లోని క్యోటోలో, అంటరానివారుగా చూడబడిన జనం సుయిహైషా అనే సంఘం పెట్టుకున్నారు. 1871లోనే ప్రభుత్వం వాళ్ళ పాత పేరు "ఎతా"ను రద్దు చేసింది. వాళ్ళను సామాన్యుల్లో చేరిస్తే, "కొత్త సామాన్యులు" అనే పేరు పుట్టి, అదీ తిట్టుగా మారిపోయింది. అందుకని సుయిహైషా తన ప్రకటనలో ఆ పాత మాటనే పలికి, ఎతాలమని గర్వపడే రోజు వచ్చిందని చాటింది. అమెరికాలో మెక్సికన్ మూలాలున్న యువతరం 1960లలో "చికానో" అనే పాత ఈసడింపును ఇలాగే తమ పేరుగా చేసుకుంది.

ఇది వాళ్ళు వాళ్ళ మాటతో చేసుకునే పని. పక్కన నిలబడిన మనం అదే మాట అందుకుంటే, వాళ్ళు దాన్ని ఎవరి నోట్లోంచి లాక్కున్నారో మళ్ళీ ఆ నోట్లోనే పెట్టినట్టవుతుంది.

తెలుగులో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

చివరి అక్షరాలు. మన భాషలో చులకన ఎక్కువగా ప్రత్యయాల్లో దాక్కుంటుంది. నల్లజాతీయుడు, నల్లోడు. రెండిట్లో రంగు ఒకటే, గౌరవం ఎంత దూరం పోయిందో చూడండి. ఏ జాతి పేరుకైనా "గాడు", "ఓడు", "ది" తగిలిస్తే చాలు, అప్పటిదాకా శుభ్రంగా ఉన్న పేరు తిట్టవుతుంది. "వాళ్ళు", "వారు" అంటే నిలబడుతుంది. ఇంగ్లిష్ నుంచి అనువాదం చేసేటప్పుడు ఏకవచనం చూడగానే "డు" వచ్చేస్తుంది, అక్కడ ఆగి చూసుకోవాలి.

రెండోది పాత వాడుక. "తురక" అనే మాట తుర్కు అనే జాతి పేరులోంచి వచ్చింది, శాసనాల్లో తురుష్కులని కనిపిస్తుంది. శతాబ్దాలపాటు అది ఉత్త పేరే. ఇప్పుడు ముస్లింలను ఆ మాటతో పిలిస్తే ఎక్కువమందికి అవమానంగానే వినిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు అలవాటుగా అంటుంటారు, వాళ్ళ మనసులో ద్వేషం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు నేను గొడవ పెట్టుకోను. అదే వాక్యాన్ని "ముస్లింలు" అని తిప్పి మాట్లాడతాను. రెండు మూడుసార్లయ్యాక వాళ్ళూ మారతారు.

మూడోది విశేషణాలు. "ఆటవిక", "అనాగరిక" అన్నవి వర్ణనలా కనిపిస్తాయి కానీ తీర్పులు. అడవిలో ఉండే మనుషులని చెప్పాలంటే అలాగే చెప్పొచ్చు.

పాత పుస్తకాల్లో ఉన్న మాటల్ని ఏం చేయాలి? మార్చేయాలా?

ఈ పాఠం నాకు ఒక ప్రూఫ్‌రీడర్ నేర్పారు. కొన్నేళ్ళ క్రితం ఒక జీవితచరిత్ర అనువదించాను. అచ్చుకు వెళ్ళే ముందు కాపీ తిరిగి వచ్చింది. 40 పైచిలుకు చోట్ల "నీగ్రో" చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు. మార్జిన్‌లో ఒకే ప్రశ్న, పెద్దావిడ గుండ్రటి చేతిరాతలో: "ఈ మాట ఎవరు అంటున్నారు?"

ఆ ప్రశ్న పట్టుకుని మళ్ళీ మొదటి పేజీ నుంచి కూర్చున్నాను. 1930ల నాటి ఉత్తరంలో ఉన్నచోట, ఆ కాలపు మనిషి సంభాషణలో ఉన్నచోట అలాగే ఉంచాను. అది ఆ కాలానికి సాక్ష్యం, దాన్ని చెరిపితే జరిగిన అన్యాయాన్నీ చెరిపినట్టే. కథ చెబుతున్న గొంతు ఈ కాలంలో నిలబడి మాట్లాడినచోట మాత్రం మార్చాను. లెక్క చూస్తే సగానికి పైగా అలాంటివే, కేవలం నా అలవాటు కొద్దీ పడినవి. ఇప్పటికీ ప్రతి పుస్తకానికీ ఆ ప్రశ్న వేసుకుంటాను.

చట్టం ఏమంటుంది?

దేశానికో తీరు. మన దగ్గర 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015 సవరణ తర్వాత, నలుగురిలో కులం పేరుతో దూషించడాన్ని విడిగా నేరంగా రాశారు. 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఒక కులం పేరు జాబితాలో ఉన్న అధికారిక పేరే అయినా, అవమానించే ఉద్దేశంతో పిలిస్తే నేరమేనంది. మూలార్థం గురించి పైన చెప్పుకున్నదే కోర్టు భాషలో వచ్చింది.

దక్షిణాఫ్రికాలో "కె"తో మొదలయ్యే మాటను పూర్తిగా రాయడానికే పత్రికలు వెనకాడతాయి. అరబిక్‌లో మతాన్ని నమ్మనివాడు అనే అర్థమున్న మాట అది, వలస పాలనలో, వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్ళ మీద కొరడా అయింది. సాయం చేయడానికి వచ్చిన నల్లజాతి పోలీసుల మీద దాన్ని 48 సార్లు వాడిన ఒక మహిళకు 2018లో జైలుశిక్ష పడింది. అమెరికా పద్ధతి ఇంకోలా ఉంది. ఆసియా మూలాలున్న ఒక మ్యూజిక్ బ్యాండ్ తమవాళ్ళ కళ్ళను వెక్కిరించే మాటనే తమ పేరుగా పెట్టుకుంటే ట్రేడ్‌మార్క్ ఆఫీసు నిరాకరించింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు వాక్‌స్వాతంత్ర్యం కింద బ్యాండ్‌కే అనుకూలంగా తీర్పిచ్చింది.

ఇదంతా మరీ సున్నితత్వం కాదా?

ఈ ప్రశ్న వేసేవాళ్ళను నేను తప్పుపట్టను. ఏ మాట అంటే ఏమవుతుందోనన్న టెన్షన్ నిజమైనదే. కానీ ఒకటి అడుగుతాను. మీ పేరును ఒకరు ప్రతిసారీ తప్పుగా పిలుస్తున్నారు, మీరు సరిచేశారు, అయినా "నాకిదే అలవాటు" అంటున్నారు. మీకెలా ఉంటుంది? ఒక జనం తరతరాలుగా అదే చెబుతున్నప్పుడు మనం మార్చుకోవాల్సింది ఒక మాటే. మాట మార్చుకోవడానికి మనకయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఒకే సముదాయంలో అందరూ ఒకే పేరు ఒప్పుకోకపోతే?

ఇలా తరచూ జరుగుతుంది. 1977లో అలాస్కాలోని బారోలో ఉత్తర ధ్రువ ప్రాంతపు ప్రతినిధులు కలిసి ఇనూయిట్ అనే పేరు తీసుకున్నారు. కానీ అలాస్కాలోని యూపిక్ ప్రజలు ఇనూయిట్ కాదు, వాళ్ళను ఆ పేరుతో పిలిస్తే అదీ తప్పే. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ మహాసభ జిప్సీ బదులు రోమా అనే పేరును ఎంచుకుంది. అయినా బ్రిటన్‌లో తమను జిప్సీలనే గర్వంగా చెప్పుకునే కుటుంబాలున్నాయి. అక్కడి 2011 జనాభా లెక్కల్లో ఆ పేరుతోనే గడి వచ్చింది, 2021లో రోమాకు వేరే గడి చేర్చారు. "కలర్డ్" అమెరికాలో అవమానం, దక్షిణాఫ్రికాలో ఒక పెద్ద సముదాయం పేరు.

అందుకే వీలైనంత నిర్దిష్టంగా, ఆ తెగ పేరే రాస్తాను. మొత్తాన్ని కలిపే పెద్ద గొడుగు పేరు అవసరమైతేనే వాడతాను. ఎదురుగా మనిషి ఉంటే ఆ మనిషి చెప్పినట్టే.

తెలియక నోరు జారితే ఏం చేయాలి?

ఒక్క ముక్కలో సారీ చెప్పి, సరైన మాట పలికి, విషయంలోకి వెళ్ళిపోవాలి. నేను దీన్ని తప్పు చేసి నేర్చుకున్నాను. ఒక ఆన్‌లైన్ మీటింగ్‌లో, ఒక రోమా అనువాదకురాలి ముందు నా నోటివెంట "జిప్సీ" అని వచ్చేసింది. ఆవిడ మెల్లగా అన్నారు, బళ్ళో తనను వెనక బెంచీకి పంపేటప్పుడు టీచరు ఆ మాటే అనేదని. నేను సిగ్గుతో చితికిపోయి, మా భాషలో ఆ మాట ఎలా వాడతామో, నా ఉద్దేశం ఏమిటో పది నిమిషాలపాటు చెప్పుకుంటూ పోయాను. చివరికి ఆవిడే "ఫరవాలేదు, బాధపడకండి" అని నన్ను ఓదార్చాల్సి వచ్చింది. అంతలో టైమ్ అయిపోయింది. వాళ్ళ భాషలోంచి ఒక పాట చదివి వినిపిస్తానని ఆ రోజు ఆవిడ సిద్ధపడి వచ్చారు. అది మేమెవరమూ వినలేదు.